నీటి లెక్కలు, నోటి మాటలు

రాష్ట్రము రెండైన పిదప తెలుగునాట రాజకీయము మాటాడు నోళ్లు మిక్కిలి పెరిగినవి గాని, ఆ మాట సావకాశముగా సాగుటకు చోటు పెరిగినదా యనునది సందేహమే. సాయంకాలము టెలివిజను ముందు కూర్చున్నవానికి నలుగురు పెద్దమనుష్యులు నాలుగు చట్రములలోనుండి ఏకకాలమున కేకలు వేయుచు కనబడుదురు. ఉదయము వార్తాపత్రిక చేతికి తీసికొన్నవానికి అది యే పక్షమునకు మొగ్గునదో తెలిసియుండిన చాలును, లోపలి వార్త సగము చదువకయే బోధపడును. ఈ రెంటికిని విసిగిన యువజనులు కొందరు ఒక మైకును, ఒక ల్యాప్‌టాపును సమకూర్చుకొని, గంటయు గంటన్నరయు సాగు సంభాషణములను పాడ్‌కాస్టులను పేర లోకముమీదికి పంపుచున్నారు. హిందీలో ‘పులియాబాజీ’యు, కన్నడమున ‘తలె-హరటె’యు ప్రభుత్వ విధానములను నిత్యవ్యవహార భాషలో విప్పిచెప్పి శ్రోతలను సంపాదించుకొన్నవి, ఆంగ్లమున అమిత్ వర్మ 2017 నుండి నడుపుచున్న కార్యక్రమమున ఒక్కొక్క సంభాషణము గంటల తరబడి సాగుటయు కలదు. తెలుగున మాత్రము సినిమావారి ముచ్చట్లకును, వ్యాపారమున గెలిచినవారి స్వగతములకును ఉన్న గిరాకిలో పదవవంతైనను విధానచర్చకు ఇంకను రాలేదు.

నా మిత్రులొకరు నీటిపారుదల శాఖలో ఉద్యోగకాలమంతయు శ్రీశైలము, కర్నూలు–కడప కాలువ, ఈ రెంటి నడుమనే గడిపి, విరమించి, కర్నూలులో స్థిరపడినవారు. ఆయన తమ్ముని కుమార్తె హైదరాబాదులో నుండి రాయలసీమ సమస్యలపై ఒక పాడ్‌కాస్టు నడుపుచున్నది. పండుగ సెలవులకు ఆమె వచ్చినప్పుడు వారిరువురికిని నడచిన వాదమును, ప్రక్కన కూర్చుండి నేను విన్నంతమట్టుకు వ్రాయుచున్నాను. పేర్లతో పనిలేదు.

పెదనాన్న: అమ్మా, నీ కృష్ణాజలముల భాగమును రెండు మారులు వింటిని. కంఠము బాగున్నది, తెలుగు బాగున్నది, లెక్క బాగులేదు. ‘2015లో రెండు రాష్ట్రములును 66–34 నిష్పత్తికి ఒప్పుకొన్నవి’ అని చెప్పితివి. 2015 జూనులో ఒప్పుకొన్నది, బచావత్ ట్రైబ్యునలు ఉమ్మడి రాష్ట్రమునకు కేటాయించిన 811 టీఎంసీలలో ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణకు 299 వాడుకొనవలెనని. అదియు ఆ యొక్క నీటి సంవత్సరమునకే. ఎవరి హక్కులకును భంగము లేకుండ, తాత్కాలికముగా. 66–34 అనునది దాని తరువాతి యేర్పాటు. ఈ రెంటిని కలిపి ముద్దచేసి చెప్పినచో వినువాడేమనుకొనును? పంపకము ముగిసినదనుకొనును. ముగియలేదు గనుకనే గదా 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునలునకు కొత్త విచారణాంశములను అప్పగించినది!

అమ్మాయి: మరుసటి భాగము మొదటనే ఆ సవరణ చెప్పితిని, పెదనాన్నా.

పెదనాన్న: మొదటిది విన్నవారందరును రెండవది విందురా? ఫోనులో దింపుకొన్నవాని యొద్ద తప్పు అట్లే నిలిచియుండును. తప్పు వ్రాసినవాని కాగితమును చూపి నిలదీయవచ్చును; తప్పు పలికినవానిని ఏమి చూపి నిలదీయుదుము?

అమ్మాయి: పత్రికలు సవరణ వేయు పుటయేదో, అందలి అక్షరముల పరిమాణమెంతయో మీకు తెలియనిదా? ప్రథమ పుటలో పతాకశీర్షికగా వచ్చిన అసత్యమునకు లోపలి పుటలో, సంతాప ప్రకటనల క్రింద, రెండు పంక్తులు. నేను తప్పు చెప్పిన కంఠముతోనే, తప్పు చెప్పిన చోటనే, నా తప్పు ఇదియని చెప్పితిని. పాత భాగమును తీసివేసి సరిచేసినది పెట్టితిని. ఇంతకంటె ఏ పత్రిక చేయుచున్నది?

ఈ సమాధానము నాకు సంపూర్ణ తృప్తినీయలేదు. పత్రిక సవరణ చిన్నదైనను గ్రంథాలయమున తేదీతో సహా నిలుచును. కంఠము మారినచో మొదటి కంఠ మెట్లుండెనో చెప్పువారుండరు. కాని పెదనాన్నగారు ఆ సందును పట్టుకొనక, తాను ముందుగా తలపెట్టుకొన్న వాదములోనికి పోయిరి. ఇంజనీర్లకీ గుణము కలదు. ఒక గేటు తెరచినప్పుడు రెండవదానివంక చూడరు.

పెదనాన్న: సరే, ఆ యొక్క తప్పును వదలుదము. నా అసలు ఆక్షేపణము వేరు. నీటి సమస్య చెవికి చెందినది కాదు, కంటికి చెందినది. ఒక దినమంతయు 11,574 క్యూసెక్కులు పారినచో ఒక టీఎంసీ. ఈ వాక్యమును విన్నవాడు మరుక్షణమున మరచిపోవును. వ్రాసికొన్నవాడు లెక్కవేసి, మంత్రిగారు సభలో చెప్పిన నీరు కాలువ సామర్థ్యమునకు మించినదో కాదో తేల్చుకొనును. ఇటు చూడు.

అని పాత క్యాలెండరు కాగితమును త్రిప్పి, వెనుకవైపున పెన్సిలుతో శ్రీశైలము ఆనకట్టను నిలువుగీతగా గీసి, దానికి అడ్డుగా నాలుగు గీతలు వేసిరి. గీతల ప్రక్కన అంకెలు వ్రాయునప్పుడు ఆయన చేయి క్షణమైనను తడబడలేదు: 885, 854, 841, 834.

పెదనాన్న: 885 అడుగులు నిండు మట్టము. కట్టిన కాలమున 308 టీఎంసీలు పట్టెడిది. పూడిక చేరి ఇప్పుడు సుమారు 215 పట్టుచున్నది. 841 పోతిరెడ్డిపాడు రెగ్యులేటరు గడప. 1996లో జీవో 69 వచ్చి, జలాశయమును 834 వరకు దించవచ్చుననెను. 2004లో జీవో 107 వచ్చి, 854 వద్ద నిలుపవలెననెను. సీమ కథయంతయు ఈ నాలుగు గీతలలో నున్నది. గీత లేక దీనిని నోటితో ఎట్లు చెప్పుదువు? నీవు అంకెలు చదువుచుండగా శ్రోత బస్సులో కిటికీలోనికి చూచుచుండును.

అమ్మాయి: చెప్పెదను, వినుడు. మన పాత ఊరిలో దిగుడుబావి యుండెను గదా, దానిని తలచుకొనుడు. పై మెట్టు 885. సగము దిగిన తరువాత ప్రక్కగోడలో ఒక కంత, అది పోతిరెడ్డిపాడు. నీరు కంతకు పైన నున్నంతవరకే రాయలసీమ తోటకు నీరు పోవును. కంతకు దిగువకు జారినచో బావిలో నీరెంతయున్నను తోటకు బొట్టురాదు. 1996లో ప్రభుత్వ మేమనెను? విద్యుత్తు కొరకు తోడువారు కంతకు ఏడడుగుల దిగువ వరకు తోడుకొనవచ్చుననెను. 2004లో ఏమనెను? కంతకు పదుమూడడుగుల పైననే ఆగవలెననెను. ఒక ప్రభుత్వోత్తర్వునకును మరియొక దానికిని నడుమ ఇరువది యడుగులు; ఆ యిరువది యడుగుల నడుమ ఒక కంత. దీనిని నేను ఒక నిమిషమున చెప్పితిని, మట్టపు అంకె యొక్కటియే పలికితిని. బస్సులోనివాడు మరచిపోవునా?

పెదనాన్న: 854 వద్ద మాత్రము కాలువ నిండుగా పారుననుకొంటివా? గడపపైన పదుమూడడుగుల ఒత్తిడికి వచ్చు నీరు స్వల్పము.

అమ్మాయి: అది తరువాతి వాక్యము. ఒక వాక్యమున అన్నియు చెప్పవలెనను నియమము మీ శాఖ నివేదికలది, నాది కాదు.

పెదనాన్నగారు కాగితము వంక కొంతసేపు చూచిరి. ఒప్పుకొనలేదు, అది ఆయన ప్రకృతి కాదు. కాని పెన్సిలు క్రింద పెట్టిరి.

పెదనాన్న: బావి చక్కగనే యున్నది. ఐతే ఆ బావిని పాలమూరు రైతు వినుననుకొందము. కృష్ణ తన జిల్లా యంచునే పారుచుండగా తరతరములుగా బొంబాయికిని పూణెకును మట్టిపనికి వలసపోయిన కుటుంబమువాడు. వానికి నీ బావిలోని కంత దొంగలు వేసిన కన్నమువలె కనబడును. ‘పరీవాహక ప్రాంతములోని మా చేను ఎండుచుండగా పెన్నా లోయకు నీరు దాటించుట ఏ న్యాయము’ అనును. ప్రాంతీయ రాజకీయము చెప్పు పాడ్‌కాస్టులకు వచ్చిన చిక్కిది. ఏ ప్రాంతమునకా ప్రాంతము తన చెవికింపైనదానినే చెప్పుకొని, తన కన్నీటిని తానే తుడుచుకొని, ఎదుటివానిపై మరికొంత పగ పెంచుకొనును. టెలివిజనువాడు గట్టిగా అరచి చేయు పనినే మీరు మెల్లగా మాటాడి చేయుదురు.

అమ్మాయి: ఆ ప్రశ్నను ఆ మాటలతోనే అడిగినవారిని నా మూడవ భాగమున వినిపించితిని, మీరు విననట్లున్నది. మహబూబ్‌నగరు ఉపాధ్యాయులొకరు. కల్వకుర్తి యెత్తిపోతలు ఆలస్యమైన తీరును ఆయన నలువది నిమిషములు చెప్పిరి. ఒక్కమాట కోయలేదు. చివరను నేనొక ప్రశ్న వేసితిని: బచావత్ ట్రైబ్యునలు పరీవాహకము వెలుపలి వాడుకలను కాపాడినది గదా, కర్నూలు–కడప కాలువకు 39.9 టీఎంసీలు ఇచ్చినది గదా, దానికేమందురని. ఆయన కొంచెమాగి, ‘ఉన్నదానిని తీసివేయుమనుట లేదు, పెంచుటను గురించి అడుగుచున్నాను’ అనిరి. ఆ ఆగుటను కూడ నేను కోయలేదు. టెలివిజనులో ఆ ఆగుట మిగులునా? ఆయన ఊపిరి తీసికొనులోపల యాంకరు ‘అనగా మీరు సీమకు వ్యతిరేకులా’ అని అందుకొనును. ఆ భాగమునకు ఇరువైపులవారును నన్ను తిట్టిరి.

పెదనాన్న: తిట్లు నాణ్యమునకు ప్రమాణములా?

అమ్మాయి: కావు. కాని ఇరువైపులవారును చివరవరకు విన్నారనుటకు ప్రమాణములు. తిట్టినవారు నలుబదవ నిమిషములోని మాటలను పట్టుకొనియే తిట్టిరి.

ఇచ్చట నాకు 2023 నవంబరు 30వ తేదీ గుర్తునకు వచ్చినది. తెలంగాణ శాసనసభకు పోలింగు జరుగు దినమున, తెల్లవారకమునుపే ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగరు ఆనకట్టపైకి వచ్చి, 26 గేట్లలో 13 గేట్లవరకు తమ అధీనమున నుంచుకొనిరి. ఆ దినమంతయు ఛానళ్లన్నియు ముళ్లకంచెలను, లాఠీలను, తోపులాటలను చూపినవి. కుడికాలువకు ఆ నీరు ఎందుకు కావలసివచ్చెనో, కృష్ణానది యాజమాన్య మండలి ఉత్తరువేమి చెప్పుచున్నదో నిదానముగా చెప్పిన గొంతును ఆ రాత్రి నేను వెదకితిని గాని ఏ ఛానలునందును దొరకలేదు. మేనకోడళ్లును తమ్ముని కూతుళ్లును చేయుచున్న ఈ పని మీద నాకు కలిగిన పక్షపాతమునకు అదియే కారణమని పాఠకులు గ్రహింతురుగాక.

పెదనాన్న: నీ శ్రోతలెవరు? రైతులా?

అమ్మాయి: అబద్ధమెందుకు, అధికసంఖ్యాకులు గ్రూప్స్ పరీక్షలకు చదువువారు. అశోక్‌నగరు హాస్టళ్లలోను, చిక్కడపల్లి గ్రంథాలయము మెట్లమీదను ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విందురు. శ్రీబాగు ఒడంబడిక, పెద్దమనుష్యుల ఒప్పందము, పునర్విభజన చట్టము, ఇవన్నియు సిలబసులోనివి. తరువాత విదేశములలోని మనవారు. డల్లసులో కారు నడుపుచు విందురు, డబ్బు పంపుదురు, రాజకీయములో వారికి గట్టి అభిప్రాయములు కలవు. రైతులు తక్కువ. ఐనను ఉన్నారు. నందికొట్కూరు వైపునుండి ఒకాయన, మోటారు దగ్గర కరెంటు కొరకు కాచుకొని యున్నప్పుడు విందునని వాట్సాపులో గొంతు పంపెను.

పెదనాన్న: మార్కుల కొరకు వినువారు, విరహము కొరకు వినువారు, కరెంటు వచ్చువరకు వినువారు. వీరిలో నీటి పంపకమును మార్చగలవారెవ్వరు?

అమ్మాయి: ఆ మార్కులవారే రేపు తహసీలుదార్లు, ఆర్డీవోలు. జీవో 107 అనగా నేమో ఉద్యోగములో చేరకముందే తెలిసిన డిప్యూటీ కలెక్టరు మీ కాలమున ఎందరుండిరి?

పెదనాన్నగారు నవ్విరి. ఆ నవ్వులో ఎవరో ఒక పూర్వపు అధికారి మెదలినట్లు నాకు తోచినది గాని ఆయన చెప్పలేదు. కాఫీలు వచ్చినవి. అమ్మాయి తన హైదరాబాదు రికార్డింగు వైభవమును వర్ణించినది: గది నాలుగుప్రక్కల బొంతలు వ్రేలాడదీసి, ఫ్యానాపి, క్రింది వాటావారి కుక్కరు కూయు వేళలను లెక్కకట్టుకొని, మే నెలలో చెమటలు కారుచుండగా పెన్నా బేసిను గురించి మాటాడుట. డబ్బెవరిచ్చుచున్నారని పెదనాన్నగారడిగిరి, శ్రోతలు కొంత, ఒక కోచింగు సెంటరు ప్రకటన కొంత, పార్టీలవారి సొమ్ము లేదని చెప్పినది. ‘అడిగినవారు లేరా?’ అనగా, ‘అడుగకుండ ఎట్లుందురు?’ అని ఊరకున్నది.

పెదనాన్న: నేను రేడియో వినిన తరమువాడను. ఆకాశవాణికి లోపము లెన్ని యున్నను ఒక నియమముండెను, ఒక బాధ్యుడుండెను. మీకు లైసెన్సు లేదు, సంపాదకమండలి లేదు, పై అధికారి లేడు.

అమ్మాయి: ఆ నియమమేమి చేసినదో చూడుడు. వాయుతరంగములు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు చెప్పినది. నేటికిని ప్రైవేటు ఎఫ్‌ఎమ్ కేంద్రము స్వంతముగా ఒక వార్త చదువరాదు; ఆకాశవాణి వార్తనే తిరిగి వినిపింపవలెను. జహీరాబాదు దగ్గర మాచునూరులో దళిత స్త్రీలు 2008లో సంఘం రేడియో పెట్టిరి. చిరుధాన్యముల విత్తనములను గురించి, తమ వంటలను గురించి, తమ పాటలను తమ యాసలో ప్రపంచమునకు వినిపించిరి. కాని సాముదాయిక రేడియో మార్గదర్శకముల ప్రకారము వార్తలును, వర్తమాన వ్యవహారములును, రాజకీయ స్వభావము గల కార్యక్రమములును నిషిద్ధములు. జొన్నను గురించి మాటాడవచ్చును. రేషనుదుకాణములో జొన్న యెందుకు లేదను ప్రశ్న ఎంతదూరము పోవచ్చునో జాగ్రత్తగా చూచుకొనవలెను. నా బొంతల గదికి ఆ కంచె లేదు. ఉన్న నాడు మీ బాధ్యుడు నాకును వచ్చును గాని, ఈ మాటలుండవు.

పెదనాన్న: స్వేచ్ఛ నాకును ఇష్టమే. నేననునది దస్తావేజును గురించి. నోటిమాటకు ఆధారము కాగితము. కాగితము లేని గొంతు ఎంత కమ్మగా నున్నను గాలియే.

అమ్మాయి: కాగితము! 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగులో పెద్దలు కూర్చుండి వ్రాసికొన్నది కాగితము కాదా? కృష్ణ, తుంగభద్ర, పెన్నల నీటిలో రాయలసీమకు మొదటి ప్రాధాన్యమని అందులో లేదా? అది చట్టము కాలేదు. పోనిండు, అది పాత కథ. జీవో 98 కాగితము కాదా?

పెదనాన్నగారి ముఖము మారినది. ఆ జీవో సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు. శ్రీశైలము జలాశయము నిండుటకై కృష్ణా, తుంగభద్రల యొడ్డున నున్న ఊళ్లు ఖాళీచేయబడినవి. భూమి, ఇల్లు, గుడి, శ్మశానము నీటి పాలైనవి. ముంపు కుటుంబమునకు ఒకరి చొప్పున ప్రభుత్వోద్యోగమునిచ్చుటకు 1986లో వెలువడినది జీవో 98. దానిని పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరిగినవారిలో కొందరికి ఉద్యోగములు వచ్చినవి. అనేకులకు వయస్సు మీరినది. ఇరు రాష్ట్రములలోను ఇప్పటికిని ఎదురుచూచువారు కలరు.

అమ్మాయి: ఆ ముంపు ఊరివారొకరిని నేను రికార్డు చేసితిని. నీరు తగ్గిన వేసవిలో ఆయన నన్ను తమ యూరిచోటికి తీసికొనిపోయిరి. పగుళ్లువారిన ఒండ్రునేల, ఇంటి పునాదిరాళ్లు వరుసగా బయటపడియున్నవి. ‘ఇది మా వంటిల్లు, ఇది గాడిపాడి, ఇక్కడ మా నాయన మంచమేసికొని పండుకుంటాండె’ అని కాలితో చూపుచు పోయిరి. జేబులో ప్లాస్టిక్ సంచిలో జీవో 98 నకలు. మడతలవద్ద చినిగి, వెనుకనుండి టేపు అతికించియున్నది. దానిని విప్పునప్పటి చప్పుడు నా రికార్డింగులో కలదు. మీ కాగితము చప్పుడది, పెదనాన్నా. నలువది యేండ్లుగా ఆ కాగితము మూగగా నున్నది. దానిని మాటాడించినది ఆ గొంతు.

పెదనాన్న: 1981లో ఊళ్లు ఖాళీచేయించునప్పుడు నేను కొత్తగా చేరిన జూనియరు ఇంజనీరును. మట్టపు గుర్తులు వేయు పని నాది. గోడలమీద ఎఱ్ఱరంగుతో గీత వేసి, నీరింతవరకు వచ్చునని చెప్పుట. ఒక యింట ముసలమ్మ ఆ గీతను గోమయముతో అలికివేసినది. మరల వేసితిమి, మరల అలికినది.

అమ్మాయి: ఇది నాకెన్నడును చెప్పలేదు!

పెదనాన్న: నీవు మైకు తీయకుము. నా వాదము ముగియలేదు. ఆ పెద్దమనిషి గొంతును ఎందరో వినిరి, కన్నీరు పెట్టుకొనిరి, నీ కార్యక్రమము బాగున్నదని వ్రాసిరి. ఆయన కుమారునికి ఉద్యోగము వచ్చినదా? రాలేదు. ఆ చినిగిన నకలు లేకున్నచో కోర్టులో ఆయన అడుగుటకే వీలులేదు. గొంతు జాలిని పుట్టించును, కాగితము హక్కును పుట్టించును. జాలి యెక్కువై హక్కు మరుగుపడుట మన రాజకీయములో కొత్త కాదు.

ఈ మాట బలమైనదని నేననుకొంటిని. అమ్మాయియు అట్లే అనుకొన్నదేమో, వెంటనే బదులాడలేదు. పిదప, ప్రతి భాగము క్రిందను సంబంధించిన జీవోలను, ట్రైబ్యునలు పుటలను జతపరచుచున్నాననియు, వాటిని తెరచువారు తక్కువయే యనియు, ఐనను ముంపు బాధితుల సంఘమువారొకరు అట్లు దొరికిన నకలునే తమ అర్జీకి జోడించిరనియు మెల్లగా చెప్పినది. పెదనాన్నగారు ‘ఊఁ’ అనిరి. ఆయన ‘ఊఁ’ ఎన్ని విధములుగనో అర్థము చేసికొనవచ్చును.

పెదనాన్న: ఒక సంగతి స్పష్టముగా చెప్పుము. ఎవరో మంత్రిగారు నీ పాడ్‌కాస్టునకు వచ్చెదమనుచున్నారట!

అమ్మాయి: వారి పీఆర్ మనుష్యులు అడిగిరి.

పెదనాన్న: ఎందుకడిగిరో తెలియునా? విలేకరుల సమావేశములో పదిమంది పదిప్రక్కలనుండి అడుగుదురు. నీవు ఒక్కతెవు, ఎదుట కాఫీ, రెండుగంటలు. బాల్యమును గురించి, తల్లిని గురించి, కష్టపడి చదివినదానిని గురించి. 2025 జనవరిలో ప్రధానమంత్రియే ఒక వ్యాపారి పాడ్‌కాస్టునకు వచ్చిరి. మార్చిలో అమెరికా పరిశోధకునితో మూడుగంటలకు పైగా ముచ్చటించిరి. వినువానికి నాయకుడు మంచి మనిషియని తోచును. మనిషి మంచివాడైనంతమాత్రమున విధానము మంచిదగునా? జవాబుదారికి చోటు శాసనసభ. అచ్చట అడుగవలసినది బొంతల గదిలో అడిగినచో, సభకు పనియేమి మిగులును?

అమ్మాయి: ఏ శాసనసభ, పెదనాన్నా? 2017 అక్టోబరులో జగన్‌మోహనరెడ్డిగారి పక్షము సభకు రామని బహిష్కరించినది. 2021 నవంబరులో చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రినై తప్ప ఈ సభలో అడుగుపెట్టనని వెడలిపోయిరి. 2024లో 11 స్థానములు వచ్చిన పక్షము, ప్రతిపక్షనాయకుని హోదా లేదని దూరముగా నుండినది. వరుసగా మూడు సభలు. ప్రతి సభలోను ఎదుటి బల్లలు ఖాళీయగుట. జవాబు చెప్పవలసినవారు లోపలను, అడుగవలసినవారు బయటను ఉండగా, నేనెచ్చటికి పోయి వినవలెను? సభ నడచుచున్నచో నా గదితో పనిలేదని మొదట ఒప్పుకొనుదానను నేనే.

పెదనాన్న: సభ ఖాళీయైనదని నీవు ఆతిథ్యమిచ్చుట న్యాయమగునా?

అమ్మాయి: ఆతిథ్యము కాదు. ప్రశ్నలు ముందుగా పంపుమనిరి, పంపననితిని. అంశములు మాత్రము చెప్పుదుననితిని. ప్రసారమునకు ముందు వినిపింపుమనిరి, అదియు కుదరదంటిని. వారము దినములు పలుకలేదు. నిన్న ఒప్పుకొనిరి.

పెదనాన్నగారు లేచి అలమారు తెరచి, బచావత్ నివేదిక పాత ప్రతిని తీసిరి. అంచులలో ఎఱ్ఱసిరా గుర్తులు, నడుమ వెలిసిపోయిన బస్సు టికెట్లు. దానిని ఒడిలో నుంచుకొని, అదే క్యాలెండరు కాగితము మిగిలిన చోటున ప్రశ్నలు వ్రాయసాగిరి. వ్రాసినంతసేపు ఎవరును మాటాడలేదు. కాగితము నిండిన పిదప అమ్మాయి చేతికిచ్చిరి. ఆమె చదివి, పెన్సిలు తీసికొని, సగము ప్రశ్నలను కొట్టివేసినది.

పెదనాన్న: ఏమి చేయుచున్నావు! ఆధారపడదగిన ప్రవాహము 75 శాతమా 65 శాతమా అనునది మూలప్రశ్న!

అమ్మాయి: మూలప్రశ్నయే. మీరు వ్రాసినట్లడిగినచో మంత్రిగారు పది నిమిషములు 65 శాతమని, 75 శాతమని చెప్పుదురు. ఎవరికిని ఏమియు తెలియకుండ తప్పించుకొందురు. వారికి తప్పించుకొనుటకు సందిచ్చునది దీర్ఘమైన ప్రశ్నయే. ఇదిగో, ఇది ఉంచితిని: ‘2015 యేర్పాటు ఒక సంవత్సరమునకే గదా, దానిని ఇన్నేండ్లు సాగనిచ్చుటకు మీ ప్రభుత్వము ఏ సమావేశమున, ఏమని ఒప్పుకొన్నది?’ ఇది పదునుగా నున్నది.

పెదనాన్న: అదియే మొదట అడుగుము.

అమ్మాయి: అది రెండవది. మొదటిది జీవో 98.

పెదనాన్న: మొదటిదానికే ఆయన మైకు తీసి లేచిపోయిన?

అమ్మాయి: లేచిపోయిన చప్పుడు కూడ ప్రసారమగును. అందులోను ఏమియు కోయను.

పెదనాన్న: అట్లైనచో రెండవ ప్రశ్న ఎవరినడుగుదువు?

అమ్మాయి: అధికారమునుండి దిగిపోయినవారిని. వారి పీఆర్ మనుష్యులును అడిగియున్నారు.